కుక్కలున్న ఇంట్లో టేకు ఫ్లోర్‌కి అద్దంలా మెరిసే పాలిష్ మాత్రం వద్దు

పటమటలో మేడ మీద రెండు గదులకి టేకు పలకలు పరిపిస్తున్నామని, ఇంట్లో రెండు లాబ్రడార్లు ఉన్నాయని, గ్లాసీ పీయూ (పాలీయురేథేన్ అనే గట్టి పాలిష్, అద్దంలా మెరిసే రకం) వేయిస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని పాలిష్ మేస్త్రి అంటున్నాడని రాశారు కదండీ, అది చదవగానే ఆరేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. మాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. "అద్దంలా ఉంటదమ్మా, మొహం చూసుకోవచ్చు" అన్నాడు మా మేస్త్రి. నిజంగానే ఉంది, ఓ నెల రోజులు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా మామగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు అటక పలకలు, దూలాలు అన్నీ టేకువే వచ్చాయి. అమ్మేయడానికి మనసొప్పక కోత మిల్లులో కోయించి మేడ మీద 14 బై 12 గదికి పరిపించాం. "చెక్క నేలేంటి వదినా, ఇదేమన్నా ఊటీనా" అని మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. ఇంట్లో బన్నీ అని 34 కిలోల లాబ్ ఒకడు, వీధిలోంచి తెచ్చుకున్న నల్లోడు ఒకడు. పొద్దున్నే పాలబ్బాయి బెల్ కొట్టగానే ఇద్దరూ ఆ గదిలోంచి ఒకటే పరుగు, గుమ్మం దగ్గర మలుపు తిరిగేచోట వెనక కాళ్లు జారతాయి. నెల తిరిగేసరికి సరిగ్గా అక్కడే నెలవంకల్లా తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి. మధ్యాహ్నం పెద్దగా కనపడేవి కావు గానీ సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడిందంటే గదంతా ఎవరో ముళ్లకంపతో ఊడ్చినట్టు ఉండేది. ఎవరైనా ఇంటికొస్తే ముందు ఆ కర్టెన్ వేసేదాన్ని.

టేకు కదా, గట్టిది కదా అనుకుంటాం. చెదపురుగుకి, నీళ్లకి తట్టుకోవడంలో టేకుకి తిరుగులేదు, ఒప్పుకుంటా. గోటి పోటుకి తట్టుకోవడం వేరే సంగతి. జంకా అని ఒక కొలత ఉంది, చిన్న ఉక్కు గుండుని చెక్కలోకి సగం దాకా దింపడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. అందులో టేకు సుమారు 1,000 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది, వైట్ ఓక్ 1,360 దాకా వెళ్తుంది. పైన మీరు ఏ పాలిష్ వేయించినా దాని మందం ఒకటి రెండు వెంట్రుకలంత, అంతే. 34 కిలోల కుక్క గోటి మీద బరువేసి జారితే కింద చెక్కే నొక్కుకుపోతుంది, పైన పొర ఏం చేస్తుంది పాపం. కాబట్టి గీతలే పడని పాలిష్ కోసం వెతకొద్దు, అలాంటిది లేదు. పడ్డ గీత కంటికి ఆనకూడదు, దాన్ని సరిచేయడానికి గదంతా తవ్వాల్సిన పని ఉండకూడదు. నేనైతే ఈ రెండే చూస్తాను.

అందుకే మ్యాట్, అంటే మెరుపు లేని పాలిష్. గ్లాసీ మీద వెలుతురు నున్నగా జారిపోతుంది కాబట్టి మధ్యలో చిన్న గీత ఉన్నా అక్కడ వెలుగు విరిగి తెల్లగా తేలుతుంది. మ్యాట్‌లో వెలుతురు ముందే చెదిరి ఉంటుంది, గీత అందులో కలిసిపోతుంది. మా గది రెండోసారి మొత్తం గీకించి నీళ్లతో కలిసే రకం పీయూ, గట్టిపడటానికి హార్డెనర్ అనే ద్రవం కలిపి వేసేది, మ్యాట్‌లో మూడు పొరలు (కోట్లు అంటారు) వేయించాం. నాలుగేళ్లు దాటింది. గీతలు లేవా అంటే ఉన్నాయి, వంగి వెతికితే కనపడతాయి, కర్టెన్ మాత్రం తీసేశాను.

ఇక్కడ మేం మొదటిసారి చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మన దగ్గర పాలిష్ మేస్త్రీలు ఎక్కువగా తలుపులకి, బీరువాలకి, మంచాలకి చేసేవాళ్లు, పీయూ అనగానే అదే డబ్బా తెస్తారు. మాకు తెచ్చింది కూడా ఫర్నిచర్‌దే అని తర్వాత డబ్బా తిప్పి చూస్తే తెలిసింది. తలుపు మీద ఎవరూ నడవరు కదండీ. డబ్బా మీద ఫ్లోర్‌కి అని స్పష్టంగా రాసి ఉంటేనే మూత తీయనివ్వండి. లక్క పాలిష్ గురించి ఎవరైనా చెబితే అసలు వినొద్దు, కుక్క నీళ్ల గిన్నె కింద తడి నిలిస్తే చాలు తెల్ల మచ్చ పడుతుంది.

హార్డెనర్ కలిపే పీయూకి ఒక జాగ్రత్త ఉంది. వాటిలో ఎక్కువగా ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మేస్త్రికి సరైన మాస్కు ఉండాలి, కిటికీలన్నీ తీసి ఉండాలి, కుక్కల్ని ఆ అంతస్తుకే రానివ్వకూడదు. కొన్ని గంటల్లో చేతికి అంటుకోకుండా ఆరిపోతుంది గానీ లోపల గట్టిపడటానికి వారం పైనే పడుతుంది. మేం పది రోజులు మెట్ల దగ్గర మంచం అడ్డంగా పెట్టాం, నల్లోడు దాని కింద నుంచి దూరాడనుకోండి, అది వేరే కథ. ఆయిల్ బేస్ రకమైతే పూర్తిగా గట్టిపడటానికి నెల అనుకోవాలి, పైగా రానురాను పసుపు తిరుగుతుంది.

కొత్త టేకు అయితే ఇంకో మెలిక. దానిలో సహజంగా నూనె ఉంటుంది, దాని వల్ల పాలిష్ సరిగ్గా పట్టదు, ఆయిల్ రకమైతే ఆరదు కూడా. కోటు వేసే ముందు అసిటోన్‌తో తుడిపించండి. ఎమిరీ పేపర్ కూడా 120 నంబర్ దాటి మరీ నున్నగా రుద్దించొద్దు, పట్టు ఉండదు. వానాకాలంలో అసలు పెట్టుకోవద్దు, గాలిలో తేమకి కోటు ఆరదు. మే నెల ఎండల్లో మరీ త్వరగా ఆరిపోయి బ్రష్ గీతలు మిగిలిపోతాయి. నా లెక్కలో జనవరి, ఫిబ్రవరి బాగుంటుంది.

మా వరండా వైపు చిన్న నడవాకి మాత్రం హార్డ్ వ్యాక్స్ ఆయిల్ వేయించాం, నూనె, మైనం కలిసి చెక్కలోకి ఇంకే రకం. ఇది పీయూ అంతగా చెక్కని కాపాడదు, ఏడాదికోసారి మళ్లీ రాయాలి. అయితే గీత పడ్డచోట గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, గుడ్డతో కాస్త నూనె పూస్తే అతుకు కనపడదు, నేనే చేసుకుంటాను, మేస్త్రి అక్కర్లేదు. పీయూ మీద ఒక్కచోట అలా చేస్తే మచ్చలా మిగిలిపోతుంది. ఓపికుంటే ఇదే మంచిదంటాను, లేదంటే పీయూ. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విప్పి ఆరబెట్టి అప్పుడు పారేయాలి.

గీత చెక్క దాకా దిగిందా లేదా అని తెలియాలంటే మీ గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు అక్కడ చిక్కుకుని ఆగిందంటే గీత లోపలికి దిగినట్టే. అక్కడ ఒక నీటి చుక్క వేయండి, పూసలా నిలిస్తే పర్లేదు, నల్లగా ఇంకితే వెంటనే సరిచేయించాలి, ఎందుకంటే అసలు ప్రమాదం గోరు కాదు, మూత్రం. బన్నీ పిల్లగా ఉన్నప్పుడు మేం ఊరెళ్లిన రాత్రి సోఫా వెనక పోశాడు, పొద్దున దాకా ఎవరూ చూడలేదు, పలకల సందులోంచి లోపలికి దిగి చెక్క నల్లబడింది, ఎంత గీకినా పోలేదు, ఆ ఒక్క పలక మార్చాల్సొచ్చింది. సందుల్లో కూడా పాలిష్ దిగిందో లేదో దగ్గరుండి చూసుకోండి. పోసిన చోట బ్లీచింగ్ పోయొద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. కుక్కల వాసన పోవడానికి ఎంజైమ్ లిక్విడ్లు దొరుకుతాయి, అవి వాడండి. పనమ్మాయికి కూడా చెప్పాలి, బకెట్ ఫినాయిల్ నీళ్లు కుమ్మరించి తుడవడం ఈ గదిలో కుదరదు, బాగా పిండిన గుడ్డ చాలు. మా లక్ష్మికి ఇది నేర్పడానికి రెండు నెలలు పట్టింది, "తడి లేకపోతే తుడిచినట్టేంటమ్మా" అని ఆమె వాదన.

గోళ్లు నేల మీద టకటకమంటున్నాయంటే కత్తిరించాల్సిన టైమ్ అయినట్టే. మలుపు దగ్గర కింద రబ్బరున్న పట్టా వేయండి, మాకు సగం గీతలు దానితోనే ఆగాయి.

మీరింకా డబ్బా కొనలేదు కాబట్టి ఒక పని చేయండి. మిగిలిన పలక ముక్కలు రెండు తీసుకుని ఒకదానికి మేస్త్రి చెప్పిన గ్లాసీ, రెండోదానికి మ్యాట్ వేయించండి, గట్టిపడేదాకా ఆగి, మీ లాబ్‌లు రోజూ పరిగెత్తే గుమ్మంలో ఓ పదిహేను రోజులు పడేయండి. తర్వాత సాయంత్రం ఎండలో పట్టుకుని మేస్త్రికే చూపించండి. ఇన్ని రోజులు పని ఆపేశారని విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.