రాయగడకొచ్చిన కొత్త కాపురాలకు: ఫ్రీజర్ సంగతి

బదిలీ మీద ఒడిశాలోని రాయగడ వచ్చిన మనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: విజయనగరం నుంచి అమ్మ పంపిన రొయ్యల కూర, పులుసు ఎన్నాళ్ళు దాచుకోవచ్చని. మేమూ ఎన్నారైలమేనని ఇక్కడ వేళాకోళంగా అనుకుంటాం గాని, రైల్లో పార్వతీపురం దాటితే ఎంతసేపు! మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిలబడితే చెవిన పడేది సగం తెలుగే.

ముందు మీ ఫ్రిజ్ ఏదో చూసుకోండి. ఒకే తలుపు ఉన్నవాటిలో ఐసు అర చాలాసార్లు మైనస్ 18 డిగ్రీలకు దిగదు. అందులో కూరలు వారం దాటనివ్వకండి. మైనస్ 18 నిలకడగా ఉండే ఫ్రీజర్ అయితే తిండి చెడిపోదు, రుచే తగ్గుతుంది. అయినా మూడు నెలల్లో తినేయడం మేలు. చలికి క్రిములు చావవు, ఊరికే ఆగుతాయంతే. వాసన మొదలైన రొయ్యల్ని లోపల పెడితే బయటికొచ్చేవీ ఆ రొయ్యలే.

అసలు పనంతా కట్టడంలోనే ఉంది. వండిన గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి కలుపుతూ త్వరగా చల్లార్చండి. రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, మే నెల ఎండల్లో అయితే గంటే. ఒక పూటకు సరిపడా జిప్ కవర్లో పోసి, గాలి నొక్కేసి, పల్చగా పరిచి పెట్టండి. మందంగా ఉంటే మెల్లగా గడ్డకడుతుంది. అప్పుడు పెద్ద మంచు పలుకులు ఏర్పడి ముక్కను లోపలే చీలుస్తాయి, కరిగాక నీరంతా కారి పీచు మిగులుతుంది. కవర్లో గాలి మిగిలితే ముక్క ఎండి తెల్లమచ్చలు పడతాయి. గాజు సీసా అంచుదాకా నింపొద్దు, నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పేరూ తేదీ రాయడం మరవకండి. గడ్డకట్టాక చింతపండు గుజ్జూ పులుసూ ఒక్కలాగే కనిపిస్తాయి.

చలికాలంలో పచ్చి బఠాణీలు చవగ్గా దొరికినప్పుడు వలిచి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలుంచి, వెంటనే ఐసునీళ్ళలో వేయండి. తడి ఆర్చి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించాక కవర్లో పోయండి. ఉడుకు చూపించకపోతే ఎంజైములు రంగూ రుచీ తినేస్తాయి. గోంగూర మగ్గించి పెట్టండి. కొబ్బరికోరు అలాగే పెట్టొచ్చు. పెరుగు, ఉడికిన గుడ్లు, కూరలో బంగాళాదుంప మాత్రం వద్దు.

గాలివానకు కరెంటు పోతే తలుపు తీయకండి. నిండు ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు ఆగుతుంది, చిన్న ఐసు అరలు అంతసేపు ఆగవు. ఊరెళ్ళేటప్పుడు గ్లాసులో గడ్డకట్టిన నీటి మీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగిందన్నమాట, మాంసం, చేపలు పారేయాల్సిందే.

తీసేటప్పుడు గట్టు మీద పెట్టక ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించండి. తొందరైతే కవరుతో సహా చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి.