పరీక్షలో మొదటి ప్రశ్న మీ పేరే

మొన్న ఎండాకాలంలో కావలి వెళ్లినప్పుడు మా పిన్నమ్మ కూతురు పాస్‌పోర్టు, వీసా కాగితాలు కవర్లో వేసుకొచ్చి నా పక్కన కూర్చుంది. ఆగస్టులో న్యూజెర్సీకి కాపురానికి వస్తోంది. ఒంగోలులో డిగ్రీ చదివి, రెండేళ్లు ఒక ప్రైవేటు బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన పిల్ల. "అక్కా, అక్కడ బళ్లో టీచర్ పక్కన అసిస్టెంటుగా చేయాలంటే పారాప్రో అని పరీక్ష రాయాలంట గదా. చదివేదానికి నాకేం భయం లేదు. ఆ రోజు పోయి ఏం చెయ్యాల్నో చెప్పు, దానికే టెన్షన్‌గా ఉంది" అంది. ఆ పిల్లకు చెప్పిందే మన నెల్లూరు, ప్రకాశం నుంచి వచ్చే మిగతా అమ్మాయిలకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పారాప్రో ఈటీఎస్ అనే అమెరికా పరీక్షల సంస్థ వాళ్లు పెట్టే పరీక్ష. కంప్యూటర్ మీద 90 ప్రశ్నలు, రెండున్నర గంటలు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడే. స్కోరు 420 నుంచి 480 మధ్య వస్తుంది, పాస్ మార్కు మాత్రం రాష్ట్రానికొకటి. న్యూయార్క్‌కు వెళ్లేవాళ్లకు ఇది కాదు, అక్కడ ఏటీఏఎస్ అని వేరే పరీక్ష ఉంది. కాబట్టి ముందు మీరు ఉండబోయే ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడి బళ్లను నడిపే ఆఫీసు, ఏం అడుగుతోందో కనుక్కోండి. టైటిల్ వన్ అని పేదపిల్లలు ఎక్కువున్న బళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధులతో నడిచే బళ్లలో పాఠాలకు సాయపడే అసిస్టెంటుకు రెండేళ్ల కాలేజీ చదువైనా ఉండాలి, ఇలాంటి పరీక్షైనా పాసవ్వాలి అని అమెరికా చట్టం. అంటే మన డిగ్రీకీ విలువ ఉంది. అందుకే విమానం ఎక్కేలోపే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు, అదే ట్రాన్‌స్క్రిప్టులు, తెచ్చుకోండి. నెల్లూరు వైపు ఇప్పటివాళ్లకు విక్రమ సింహపురి యూనివర్సిటీ. అది 2008లో వచ్చింది కాబట్టి, అంతకు ముందు చదివినవాళ్లు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి పోవాలి. ఒంగోలు వైపు పాత డిగ్రీలు చాలావరకు నాగార్జునవి. అమెరికాలో కూర్చుని వీటికోసం తమ్ముళ్లను తిప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకొక మాట. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వీసా మీద, వచ్చేవాళ్లు పరీక్ష రాసి పెట్టుకోవచ్చు గానీ, ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికి రాకుండా ఉద్యోగంలో చేరకూడదు. జీతం లేకుండా ఏదో సాయంగా మొదలుపెడదాం అనే ముందు కూడా తెలిసిన లాయరును అడగండి.

ఇక అసలు సంగతి. మనవాళ్లు పరీక్ష రోజున ఇబ్బంది పడేది పాఠం రాక కాదు, పేరు దగ్గర.

నా సంగతే చెప్తాను. నా పాస్‌పోర్టులో ఉన్నది మా నాన్నగారి ఇంటిపేరు. అమెరికా వచ్చాక అందరూ నన్ను మా ఆయన ఇంటిపేరుతో పిలవడం మొదలుపెట్టారు, నాకూ అలవాటైపోయింది. పరీక్షకు ఫారం నింపేటప్పుడు అదే రాసేశాను. ఆ రోజు పొద్దున మంచులో నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని వెళ్లాను. బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ నా పాస్‌పోర్టును కంప్యూటర్ తెర పక్కన ఆనించి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివింది. చివరి పేరు దగ్గర వేలు ఆగింది. మర్యాదగానే చెప్పింది, లోపలికి పంపలేనని. పెళ్లి సర్టిఫికెట్ ఇంట్లో ఉందన్నాను. ఉపయోగం లేదంది. కట్టిన ఫీజు పోయింది. కారులో కూర్చుని పావుగంట ఏడ్చాను. మూడు నెలల చదువు, పిల్లను ఎవరింట్లోనో దిగబెట్టి వచ్చిన శ్రమ, అన్నీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి.

అందుకని, ముందు ఏ గుర్తింపు కార్డు చూపిస్తారో తేల్చుకోండి. తర్వాత ఆ కార్డు ముందు పెట్టుకుని ఫారం నింపండి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట పొడి అక్షరమే ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. మా పిన్నమ్మ కూతురిది సరిగ్గా అదే. వీసా పేజీ తీసి చూపించేదాకా దానికీ తెలియదు. "ఇదేందక్కా, నా పేరు ఏమైంది?" అని కంగారు పడింది. వీలుంటే ప్రయాణానికి ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడగొట్టించుకుని వీసా సంగతి చూసుకోండి. టైం లేకపోతే, ఫారం నింపేముందు పరీక్ష పెట్టేవాళ్లకే రాసి, నా కార్డు మీద ఇలా ఉంది, ఎలా నింపాలి అని అడగండి. వాళ్లిచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

తేదీ కూడా చూసుకోండి. అక్కడ నెల ముందు రాస్తారు. 08/09 అంటే ఆగస్టు తొమ్మిది. మన అలవాటులో సెప్టెంబరు ఎనిమిది అనుకుని కూర్చుంటే పరీక్ష దాటిపోతుంది.

శనివారం పరీక్ష పడితే ఆ ఒక్క వారం ఒక్కపొద్దు మానేయండి. వేంకటేశ్వరస్వామి ఏమీ అనుకోడు. రెండు ఇడ్లీలైనా తిని వెళ్లండి. అరగంట ముందు చేరుకోండి. ఫోను, వాచీ, పర్సు లోపలికి రానివ్వరు. గాజులు, పెద్ద కమ్మలు ఇంట్లోనే తీసేసి వెళ్తే అక్కడ తడబాటు ఉండదు.

ఇంట్లో నుంచే రాసే వీలూ ఉంది. అలా రాస్తే గదిలో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు, మధ్యలో ఎవరూ రాకూడదు. కెమెరాలో ఒకరు చూస్తూనే ఉంటారు. అత్తగారు వచ్చి ఉంటే ముందు రోజే నెమ్మదిగా చెప్పి పెట్టండి. పాపం, ప్రేమతోనే కాఫీ గ్లాసు పట్టుకుని తలుపు తీస్తారు.

ప్రశ్నల గురించి రెండు మాటలు. కాలిక్యులేటర్ ఇవ్వరు, ఎక్కాలు వచ్చిన మనకు అది మేలే. అడుగులు, గజాలు కూడా మనకు కొత్త కాదు, నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో కొంటూ పెరిగాం గదా. కొత్తవి ఔన్సులు, క్వార్టులు, గ్యాలన్లు. పౌండు బరువుకు 16 ఔన్సులు, గ్యాలనుకు 4 క్వార్టులు, వీటిని పలకమీద రాసుకుని కంఠతా పట్టండి.

మూడింట ఒక వంతు ప్రశ్నలు మాత్రం తరగతి గదివి. మనం పొరపడేది అక్కడ. ఇలాంటిది ఒకటి చూడండి: ఒక పిల్లాడు 42లోంచి 17 తీసేసి 35 అని రాశాడు. సరైన జవాబు 25 అని మనకు క్షణంలో తెలుస్తుంది. వాళ్లు అడిగేది అది కాదు, వాడు ఎక్కడ తప్పాడు అని. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, వాడు తిప్పి ఏడులోంచి రెండు తీసేశాడు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోలేదు. ఆ పిల్లాడి పెన్సిలు ఎటు నడిచిందో చూడగలిగితే జవాబు దొరుకుతుంది. నీకేం రాదు అని పదిసార్లు రాయించడం మన బళ్లలో చూశాం, బహుశా చేశాం కూడా. ఇక్కడ ఆ జవాబు ఎంచుకోకండి. టీచర్ ఏ పద్ధతి చెప్పిందో ఆ పద్ధతిలోనే, పిల్లవాడి చేతే చేయించే జవాబు వెతకండి. ఇది చెప్పగానే మా చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తన బళ్లో ఒకటో తరగతి పిల్లలు గుర్తొచ్చారేమో.

తప్పుకు మార్కులు కొయ్యరు, ఒక్కటీ వదలకండి. ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే గుర్తు పెట్టుకుని ముందుకు పోండి.

అయిపోగానే తెరమీద స్కోరు కనిపిస్తుంది, అది అనధికారమే అయినా లెక్క తెలుస్తుంది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే పదకొండున్నరకు బయటికొస్తారు. ఎండాకాలమైతే కావలిలో అప్పుడు రాత్రి తొమ్మిది. మీ అమ్మ మేలుకునే ఉంటుంది, లాకర్లో ఫోను తీసుకోగానే ముందు ఆమెకు చెయ్యండి.