మళ్ళీ వచ్చేదాన్ని పట్టుకో

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కూచిపూడి బొమ్మ చూశాను. మీ పెద్దమ్మ కళ్ళజోడు వెతుక్కుని మరీ చూసి బాగుందంది. నాకూ నచ్చింది, ముఖ్యంగా ఆ జడ. కానీ ఫోటో చూసి వేశావని నువ్వు చెప్పకుండానే తెలిసిపోయింది. ఆ అమ్మాయి కాలు గాల్లో వేలాడుతోంది. ఎక్కణ్ణుంచి లేచిందో, ఎక్కడ పడబోతోందో బొమ్మలో లేదు. గంటన్నర హాల్లో కూర్చున్నావు కదా, చూసిందంతా ఎటు పోయింది తల్లీ?

ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

పెన్సిల్ పెట్టేలోపు భంగిమ మారిపోతోందని అడిగావు. మారుతుంది. కానీ మళ్ళీ వస్తుంది. ఈ చిన్న సంగతి నాకు తలకెక్కడానికి పదేళ్ళు పట్టింది. జతి అంటే తకధిమి లాంటి తాళపు మాటల వరస. దాని చివర ముక్తాయింపు, అంటే ముగింపు ముక్క, మామూలుగా మూడుసార్లు వస్తుంది. మొదటిసారి పెన్సిల్ కదపకుండా చూడు. రెండోసారి గియ్యి. మూడోసారి దిద్దుకో. పల్లవి కూడా చరణం చరణానికీ తిరిగొస్తుంది, దాని వెంటే ఇందాకటి నడకో, మెడ వంపో వస్తుంది. నట్టువాంగం, అంటే తాళాలు కొడుతూ జతులు చెప్పేది, వింటూ కూర్చుంటే ఏది ఎప్పుడొస్తుందో చెయ్యికి ముందే తెలుస్తుంది. పళ్ళెం మీద ఆడే తరంగంతో మొదలుపెడితే ఇంకా సులువు. పళ్ళెం అంచు మీద నిలబడ్డాక, పళ్ళెం జరిగినా పాదాలు దాన్ని దాటి పోవు. మిగతా కదలికంతా పైనే.

ముందు తల నుంచి, బరువు మోస్తున్న కాలి మడమ దాకా ఒకే గీత. తర్వాత నడుము ఎటు వాలిందో చూడు. చేతులు ఆ తర్వాత. ముఖం జోలికి అసలు పోకు. కళ్ళూ ముక్కూ గీస్తూ కూర్చుంటే ఈలోపు ఆట అయిపోతుంది.

కదలని నాట్యకత్తెలు కావాలంటే పాలంపేట వెళ్ళు. అక్కడి రామప్ప గుడి కట్టింది 1213లో. ఆ గుడి మదనికలు, అంటే రాతి అమ్మాయిలు, అప్పటినుంచీ అదే భంగిమలో నీ కోసం నిలబడి ఉన్నారు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్ళీ వేదికెక్కించేటప్పుడు ఆ గుడి శిల్పాలనే చూసుకున్నారు. నడుము, మోకాలు, మడమ ఒకదాన్నొకటి ఎలా మోస్తాయో అక్కడ ఒక పూట గీస్తే స్టేజీ మీద సగం భయం పోతుంది.

హాల్లోకి రంగులు తీసుకెళ్ళకు. నేను తీసుకెళ్ళాను ఒకసారి, పేరెందుకులే, ఒక ఆడిటోరియానికి. నీళ్ళ డబ్బా తన్నేసి పక్కావిడ పట్టుచీర కుచ్చిళ్ళు తడిపాను. అది చాలదన్నట్టు, చీకట్లో కలిపిన ఎరుపు ఇంటికొచ్చి ట్యూబ్‌లైటు కింద చూస్తే కాఫీ మడ్డిలా ఉంది. ఎర్ర లైటు వేస్తే తెల్ల పంచె, ఎర్ర పంచె ఒకేలా కనిపిస్తాయి. పచ్చ జాకెట్టు నల్లగా మారిపోతుంది. ఆ లైట్లో నీ పాలెట్‌ను కూడా నమ్మలేవు.

అందుకని చిన్న స్కెచ్ బుక్కు, మెత్తటి 6బి పెన్సిలు, అంతే. రంగుల్ని మాటల్లో రాసుకో. ఎరుపు, నీలం అని రాస్తే ఇంటికొచ్చాక ఏ ఎరుపో, ఏ నీలమో గుర్తురాదు. చీరల షాపువాళ్ళ మాటలు వాడు: బచ్చలిపండు, నెమలికంఠం, చిలకపచ్చ, ఉల్లిపొర, కనకాంబరం. "అంచు బచ్చలిపండు, ఎడమ భుజం మీద నీలం లైటు" అని గీత పక్కన రాసుకుంటే రాత్రికి రంగు అదే గుర్తొస్తుంది. మరీ ముందు వరసలో కూర్చోకు, స్టేజీ అంచు పాదాలను మింగేస్తుంది. నాలుగైదు వరసలు వెనక, నడిచే దారి పక్క సీటు మంచిది. ఫోన్ టార్చి వెలిగిస్తే మాత్రం నేనే లేపి పంపిస్తా.

రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మీకు బస్సు దూరమే. చాలా కార్యక్రమాలకు టికెట్ కూడా ఉండదు. శిల్పారామం ఆంఫీథియేటర్ అయితే ఆరుబయట కాబట్టి పొద్దు గూకేదాకా అసలు రంగులు చూడొచ్చు, లైట్లు పడ్డాక అవే ఎలా మారాయో పోల్చుకోవచ్చు.

రంగు వేయడం ఆ రాత్రే మొదలుపెట్టు. రేపటికి వాయిదా వేస్తే గుర్తున్నదంతా ఫోన్లో ఫోటోలాగా అయిపోతుంది. నిద్రొస్తే కనీసం పెద్ద బ్రష్షుతో నాలుగు ముద్దలు వేసి పడుకో: వెనక చీకటి, నేల, చీర, ఒంటిరంగు. స్టేజీ చీకటికి ట్యూబులో నలుపు వాడకు, బొమ్మకి చిల్లు పడ్డట్టుంటుంది. బర్న్ట్ అంబర్ గోధుమరంగులో అల్ట్రామెరీన్ నీలం కలుపు, లోతుగా వస్తుంది. బచ్చలిపండుకి క్రిమ్సన్‌లో అదే అల్ట్రామెరీన్ కాస్త. నెమలికంఠానికి థాలో బ్లూ, కొంచెం లెమన్ యెల్లో. థాలోతో జాగ్రత్త, గోరంత ఎక్కువైతే పాలెట్ అంతా అదే.

ఆక్రిలిక్ ఆరాక ఒక పిసరు ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే ఆ తెలుపు పోతుంది. కాబట్టి ఒంటిరంగు నీకు సరిపోయిందనిపించినదానికన్నా కొంచెం లేతగా కలుపు. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే పాలెట్ మీదే గట్టిపడిపోతుంది. ఫ్యాన్ ఆపు, చెమట పట్టినా సరే. ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రే పక్కన పెట్టుకో. మూత బిగిసే మిఠాయి డబ్బాలో తడి గుడ్డ పరిచి, పైన బటర్ పేపర్ వేసి దానిమీద రంగులు పిండుకో. మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తాయి.

పసుపు గురించి విడిగా చెప్పాలి, బోనాలకు పోతరాజును వేస్తానన్నావు కాబట్టి. పసుపు రంగుకి కప్పే బలం తక్కువ. ముదురు రంగు మీద నేరుగా వేస్తే ఆకుపచ్చకి తిరిగి మురికిగా కనిపిస్తుంది. ముందు ఆ చోట తెలుపు వేసి ఆరనివ్వు, దానిమీద యెల్లో ఆకర్ అనే మట్టి పసుపు, ఆ పైన వెలుగు పడేచోట మాత్రమే మంచి పసుపు. పోతరాజు ఒంటిమీది పసుపు చెమటకి చారలు కడుతుంది. ఆ చారల్లోంచి చర్మం కనబడాలి. లేకపోతే గోడకి సున్నం కొట్టినట్టే. ఊరేగింపు మధ్యలోకి దూరకు, ఏదైనా అరుగెక్కి నిలబడు. ఆ కొరడా కూడా తిరిగొస్తుంది, విసిరే ముందు ప్రతిసారీ భుజం వెనక్కి పోతుంది. ఆ భుజం చూడు.

నాట్యాలు రోజూ ఉండవు. మిగతా రోజుల్లో బజారే నీ స్టేజీ. మా వీధి చివర మిర్చి బజ్జీలవాడు పిండిలో ముంచి, గిన్నె అంచుకి గీకి, నూనెలో జారవిడుస్తాడు. నిమిషానికి ఎన్నిసార్లో. ఇరానీ హోటల్లో పెద్దాయన సాసర్లో పోసుకుని ఊదుకునే మెడ వంపు కప్పు అయ్యేదాకా మారదు. నేను ఆయన్ని రెండు నెలలు గీశాను. ఒకరోజు వచ్చి చూసి, ముక్కు అంత పొడుగ్గా ఉండదని గొడవపెట్టుకున్నాడు. ఎవరినైనా దగ్గరగా గీసేటప్పుడు ముందు అడుగు, వద్దంటే మానెయ్యి.

రంగులు మరీ ఎక్కువ కొనకు. చిత్రకారుడు తోట వైకుంఠంగారి బొమ్మల్లో ఆడవాళ్ళను చూడు, ఎరుపు, పసుపు, నారింజ, నలుపు, అంతలోనే ఎంత నిండుదనం. పన్నెండు ట్యూబుల పెట్టె కొంటే ఆరు అలాగే ఎండిపోతాయి. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొను.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌లో ఉంటాను. బంతిపూల రాశి నీడలో ఏ రంగు ఉంటుందో అక్కడే చూపిస్తా, నువ్వనుకునే నలుపు మాత్రం కాదు. పాత చొక్కా వేసుకురా. ఆక్రిలిక్ ఆరితే మీ అమ్మ ఎంత ఉతికినా పోదు, తిట్లు నాకు పడతాయి.

మీ పెదనాన్న