బాల్డర్స్ గేట్ పాత ఆటల హక్కులు అసలు ఎవరి దగ్గర ఉన్నాయి?

మీ ప్రశ్న ఇది: బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో మొదటిదాన్ని తయారుచేసింది బయోవేర్, మార్కెట్లోకి తెచ్చింది ఇంటర్‌ప్లే, తర్వాత అటారీ పేరు వినిపించింది, ఆపైన బీమ్‌డాగ్, ఇప్పుడు లారియన్. ఆ ఆటల్లోని పాత్రలతో చిన్న గేమ్ చేయాలంటే ఎవరిని అడగాలి?

విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌ని. అంటే దాని యజమాని హాస్‌బ్రోని. మీరు చెప్పిన ఐదు పేర్లలో ఆ రెండూ లేవు, చిక్కంతా అక్కడే ఉంది.

పాత ఆటల్లోని మిన్స్క్, జహీరా అనే పాత్రలతో కొత్త కథ చేద్దామని నేనూ కొందరు మిత్రులూ కొన్నేళ్ల కిందట ఇదే పని మీద కూర్చున్నాం. పాత కంపెనీలకు మెయిళ్లు రాశాం. ఒకరు తమకు సంబంధం లేదన్నారు, మరొకరు జవాబే ఇవ్వలేదు. ఎవరు ఎవరికి ఏ హక్కు, ఎంతకాలానికి రాసిచ్చారో సంవత్సరాల వారీగా ఒక కాగితం మీద వేసుకున్నాక ముడి విడిపోయింది. ఇంత ఆప్యాయంగా ఆడిన ఆట వెనక ఇన్ని సంతకాలున్నాయని అప్పుడే తెలిసింది.

ఆ కాగితం మీద ఉన్నది ఇదీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట నియమాలు, దాని కోసం వాడే ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత ప్రపంచం మొదట టీఎస్ఆర్ అనే సంస్థవి. బాల్డర్స్ గేట్ అనే ఊరు ఆ ప్రపంచంలోదే. టీఎస్ఆర్‌ను 1997లో విజార్డ్స్ కొంది, విజార్డ్స్‌ను 1999లో హాస్‌బ్రో కొంది. మధ్యలో, 1998 చివర్లో, మొదటి ఆట వచ్చింది. ఇంటర్‌ప్లే చేతిలో ఉన్నది లైసెన్స్ మాత్రమే. అద్దె స్థలంలో ఎంత గొప్ప ఇల్లు కట్టినా స్థలం మనది కాదు కదా! 2001లో హాస్‌బ్రో తన వీడియో గేమ్ విభాగాన్ని ఇన్ఫోగ్రామ్స్‌కు అమ్మింది, దాంతోపాటే డీ అండ్ డీ డిజిటల్ హక్కులూ వెళ్లాయి. ఆ ఇన్ఫోగ్రామ్సే తర్వాత అటారీ అయింది. 2003లో ఇంటర్‌ప్లే పీసీ లైసెన్స్ పోగొట్టుకుంది. ఇంటర్‌ప్లేకి చెందిన బ్లాక్ ఐల్ స్టూడియోలో మూడో బాల్డర్స్ గేట్‌గా తయారవుతున్న 'ద బ్లాక్ హౌండ్' ఆగిపోయింది, ఆ ఏడాది చివరికి స్టూడియోనే మూతపడింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అదే. రాసిన కథ, పడిన శ్రమ అన్నీ వాళ్లవే, ఆటకు పెట్టాల్సిన పేరు, ప్రపంచం మాత్రం వాళ్లవి కావు.

హాస్‌బ్రో 2009లో అటారీ మీద కోర్టుకెళ్లింది. 2011లో రాజీ కుదిరి డిజిటల్ హక్కులు వెనక్కి వచ్చాయి. 2012లో బీమ్‌డాగ్ మొదటి ఆటకు మెరుగుపరిచిన కూర్పు, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ తెచ్చింది. 2013 జూన్‌లో ప్రచురణ భాగస్వామితో ఒప్పంద వివాదం వచ్చి దాన్ని అమ్మకం నుంచి తీసేశారు, ఆగస్టులో మళ్లీ పెట్టారు. హక్కుదారు అనుమతి ఉన్నా మధ్యలో ఒక ఒప్పందం బిగుసుకుంటే చాలు, ఆట మాయమవుతుంది. లారియన్‌ది కూడా లైసెన్సే. 2023లో వచ్చిన మూడో భాగంలో మిన్స్క్, జహీరా మళ్లీ కనిపించారు. ఆ పాత్రల్ని పుట్టించిన బయోవేర్ 2007 ఒప్పందంతో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) చేతిలోకి వెళ్లింది, పాత్రలు మాత్రం దాని వెంట వెళ్లలేదు.

ఇంటర్‌ప్లేదే మరో ఆట ఫాల్అవుట్‌తో పోల్చి చూడండి, తేడా తెలుస్తుంది. దాన్ని మొదట గర్ప్స్ అనే బయటి నియమావళితో మొదలుపెట్టారు, మధ్యలో అది వదిలేసి 'స్పెషల్' అనే పేరుతో సొంత పద్ధతి రాసుకున్నారు. ప్రపంచమూ సొంతమే. అందుకే 2007లో ఇంటర్‌ప్లే దాన్ని 57.5 లక్షల డాలర్లకు బెథెస్డాకు అమ్మగలిగింది. అలాగని అక్కడా గొడవ తప్పలేదు. ఆన్‌లైన్ ఆట హక్కుల మీద కోర్టు కేసు 2012 దాకా నడిచింది. పాత ఆటలు అమ్ముకునే వీలు ఇంటర్‌ప్లేకి 2013 చివరి వరకే మిగిలింది. డీ అండ్ డీకే చెందిన ప్లేన్‌స్కేప్ అనే మరో ప్రపంచంలో జరిగే పాత ఆట ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌ది ఇంకో రకం. ఇన్‌ఎక్సైల్ అనే స్టూడియోకు 'టార్మెంట్' అనే పేరు దక్కింది, ప్లేన్‌స్కేప్ ప్రపంచం దక్కలేదు. అందుకే వాళ్ల 2017 ఆట న్యూమనేరా అనే వేరే ప్రపంచంలో జరుగుతుంది.

హక్కు ఉన్నంత మాత్రాన సోర్స్ కోడ్ (ఆట తయారీకి రాసిన అసలు ప్రోగ్రామ్) ఉంటుందనుకోవద్దు. అదే కోవకు చెందిన ఐస్‌విండ్ డేల్ ఆట మొదటి భాగానికి బీమ్‌డాగ్ కొత్త కూర్పు తెచ్చింది కానీ, రెండో భాగం కోడ్ వాళ్లకు దొరకనే లేదు.

ఇంజిన్ సంగతి కూడా విడిగా చూడాలి. ఈ పాత ఆటలను నడిపే సాఫ్ట్‌వేర్, ఇన్ఫినిటీ ఇంజిన్, బయోవేర్‌ది. దాన్ని ఓపెన్ సోర్స్‌లో కొత్తగా రాసుకున్న జెమ్‌ఆర్‌బీ ఉంది. కాకపోతే బొమ్మలు, సంభాషణలు, సంగీతం కోసం అసలు ఆట మన దగ్గర ఉండాలి.

మీ విషయానికొస్తే, లారియన్ వాళ్లకు నచ్చితే చాలనుకోకండి. 2025లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటకు, బాల్డర్స్ గేట్ మూడో భాగం పాత్రలతో 'బాల్డర్స్ విలేజ్' అనే ఉచిత మాడ్ (అభిమానులు చేసే అదనపు భాగం) వచ్చింది. లారియన్ అధిపతి స్వెన్ వింకే దాన్ని మెచ్చుకున్నారు. అయినా విజార్డ్స్ తరఫున తొలగింపు నోటీసు వెళ్లింది. ఆ తర్వాత, అది పొరపాటున పంపామని విజార్డ్స్ వెనక్కి తీసుకుంది. ఆపగలిగేది ఎవరో, వదిలేయగలిగేది ఎవరో దీన్ని బట్టే తెలుస్తుంది.

అసలు ఆట ఉన్నవాళ్లే ఆడగలిగే ఉచిత మాడ్‌గా చేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది, మేం చివరికి ఆ దారే పట్టాం. విడి గేమ్‌గా అమ్మాలనుకుంటే మాత్రం రాతపూర్వక లైసెన్స్ లేకుండా ఒక్క పాత్ర పేరు కూడా వాడకండి. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, సరైన క్రెడిట్ ఇచ్చి అమ్మకానికీ వాడుకోవచ్చు. ఊరు, మనుషులు, కథ మీవి రాసుకోండి.