అమ్మాయి క్యారెక్టర్ ఆర్టిస్టునవుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. కొబ్బరికాయల వ్యాపారం. మా పెద్దమ్మాయి నరసాపురంలో బీకాం రెండో ఏడు చదువుతోంది. కిందటేడు కాలేజీ నాటికలో బామ్మ వేషం వేసింది. నాటక పరిషత్తు పోటీల్లో గుణచిత్ర నటి (అదే, క్యారెక్టర్ ఆర్టిస్టు) బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ చదువు మానేసి హైదరాబాదు వెళ్తాను, సినిమాల్లో సీరియళ్లలో క్యారెక్టర్ ఆర్టిస్టునవుతాను అంటోంది. హీరోయిన్ అవుతానన్నా అర్థం చేసుకుందును, అమ్మ వేషాలూ అత్త వేషాలూ కావాలట! భీమవరంలో ఒక కో-ఆర్డినేటర్ సీరియల్లో వేషం ఇప్పిస్తానని లక్షన్నర అడుగుతున్నాడు. వాళ్లమ్మేమో పెళ్లి చేసేద్దామంటోంది. వచ్చే ఆదివారం రాజమండ్రిలో ఏదో సినిమాకి ఆడిషన్ ఉందట. పంపమంటారా?

జవాబు: అయ్యా, నమస్కారం.

ముందు ఆ డబ్బు సంగతి. లక్షన్నర కాదు, పదిహేను వందలు కూడా ఇవ్వకండి. వేషం ఇచ్చేవాళ్లు ఆర్టిస్టుకి డబ్బిస్తారు గానీ ఆర్టిస్టు దగ్గర తీసుకోరు. కో-ఆర్డినేటర్లు, మేనేజర్లు నిజంగానే ఉన్నారు. వాళ్లకి ముట్టేది పని దొరికాక పారితోషికంలోంచి ఇచ్చే కమీషన్. పని చూపించకముందే రిజిస్ట్రేషన్ అనో, ఫోటోల ప్యాకేజీ అనో, ఆర్టిస్టుల అసోసియేషన్ కార్డు ఇప్పిస్తాననో అడిగితే అక్కడితో మాట ఆపేయండి. ఆ సొమ్ము ఆవిడ చదువుకి పనికొస్తుంది, ఎలాగో కింద చెబుతాను.

ఇక మీ అమ్మాయి కోరిక. అమ్మ వేషాలు కావాలందని మీరు విచిత్రంగా రాశారు. నాకు మాత్రం అందులో తెలివి కనిపించింది. హీరోయిన్‌గా అవకాశం వచ్చినా అది కొద్ది సంవత్సరాల ముచ్చట. క్యారెక్టర్ ఆర్టిస్టుకి పని ఆలస్యంగా మొదలవుతుంది, మొదలయ్యాక చాలాకాలం ఉంటుంది. మన గోదావరి జిల్లాల వాళ్లనే చూడండి. మీ పాలకొల్లు మనిషి అల్లు రామలింగయ్యగారు 1922లో పుట్టారు, ‘పుట్టిల్లు’తో సినిమాల్లోకి వచ్చింది 1953లో. అంటే ముప్పై దాటాక. కాకినాడ వైపు నుంచి వచ్చిన రావు గోపాలరావుగారు నాటకాల్లో ఎప్పట్నుంచో ఉన్నా, ఇంటింటా పేరు తెలిసింది 1975లో ‘ముత్యాలముగ్గు’తో. అప్పటికాయనకి ముప్పై ఎనిమిదేళ్లు. సూర్యకాంతంగారూ కాకినాడ దగ్గర పుట్టినవారే. 1950లో ‘సంసారం’లో గయ్యాళి అత్తగా వేసేనాటికి ఆవిడకి ఇరవయ్యారేళ్లు దాటలేదు. ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు నిలబడ్డారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే సూర్యకాంతంగారి ఉదాహరణ ఒక్కటే పట్టుకుని మీ అమ్మాయి బయల్దేరితే చిక్కు. ఇరవయ్యారేళ్లకి అత్త వేషం ఆ రోజుల్లో ఇచ్చారు, ఇవాళ ఇవ్వరు. స్టేజీ మీద ఇరవయ్యేళ్ల పిల్ల తెల్ల విగ్గు పెట్టుకుని నడుం వంచితే పదో వరుసలో కూర్చున్నవాళ్లకి బామ్మలాగే ఉంటుంది. కెమెరా ముఖం మీదకొచ్చేసరికి చర్మమే వయసు చెప్పేస్తుంది. కాబట్టి వచ్చే పదీ పదిహేనేళ్లు ఆవిడకి కెమెరా ముందు దొరికేవి హీరోయిన్ స్నేహితురాలు, చెల్లెలు, ఆడపడుచు, నర్సు, కానిస్టేబులు లాంటి వేషాలు. వాటిల్లో చాలావరకు రెండు మూడు డైలాగులే. ఆవిడ కోరుకునే అమ్మ, అత్త, పిన్ని పాత్రలు ముప్పై అయిదు దగ్గరపడ్డాకే గట్టిగా మొదలవుతాయి. అందుకని ఇప్పుడు మీ ఇంట్లో తేలాల్సింది హైదరాబాదు పంపాలా వద్దా అన్నది కాదు. ఈ పదిహేనేళ్లు ఆవిడ ఏం తిని, ఏం నేర్చుకుంటూ గడపాలన్నది.

తిండి సంగతి. నటన పక్కన ఇంకో పని ఉండాలి. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేశారు. బ్రహ్మానందంగారు మన అత్తిలిలో తెలుగు లెక్చరరు. రాజబాబుగారు బడిపంతులు. నెల జీతం ఉన్నవాళ్లకి నచ్చని వేషం వద్దనే ధైర్యం ఉంటుంది. హైదరాబాదులో చిన్న ఆర్టిస్టులుండే కృష్ణానగర్‌లో అద్దె కట్టలేని పరిస్థితిలో ఉన్న అమ్మాయికి ఆ ధైర్యం ఉండదు. ఆడపిల్ల క్షేమం గురించి మీకున్న భయంలో సగం నిజానికి ఇక్కడే ఉంది.

మీ అమ్మాయి బీకాం చదువుతోంది కదా, ఇది చాలా మంచిది. మానేయనివ్వకండి. ట్యాలీ, జీఎస్టీ రిటర్న్‌లు నేర్చుకుంటే ఆడిటర్ల దగ్గర గంటల లెక్కన పని దొరుకుతుంది, ఇంటి నుంచి కూడా చేయొచ్చు. షూటింగుకి నాలుగు రోజులు వెళ్లొచ్చినా ఊడిపోని పని అది. పైగా రేపు సొంత పారితోషికం లెక్కలకీ అదే చదువు ఉపయోగం. ఆర్టిస్టుకి ఇచ్చే డబ్బులో పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోస్తారు. రిటర్న్ వేయడం తెలియక దాన్ని వదిలేసుకునే చిన్న ఆర్టిస్టులు ఎందరో.

నేర్చుకోవడానికి మన డెల్టాని మించిన చోటు లేదని నేను గట్టిగా నమ్ముతాను. పండగ రోజుల్లోనూ ఎండాకాలంలోనూ ఊరూరా పరిషత్తు పోటీలు జరుగుతాయి. నంది నాటకోత్సవాలు పెట్టినప్పుడు కాలేజీ నాటికలకి విడిగా పోటీ ఉంటుంది. ఇంకో సంగతి మీకు తెలియకపోవచ్చు. నాటక సమాజాల్లో మగవాళ్లు చాలామంది సొంత ఖర్చులతో వేస్తారు. ఆడ ఆర్టిస్టులు తక్కువ కాబట్టి వాళ్లకి ప్రదర్శనకి ఇంతని ఇచ్చి, దారి ఖర్చులు పెట్టుకుని తీసుకెళ్తారు. ఒకే సీజన్లో రెండు మూడు సమాజాలకి వేసేవాళ్లూ ఉన్నారు. బతుకుతెరువుకి చాలినంత కాకపోయినా, మీ అమ్మాయి స్టేజీ మీద సంపాదిస్తూ నేర్చుకోగలదు. రాత్రి ప్రదర్శన అయ్యాక తెల్లవారుజామున ఇల్లు చేరాల్సి వస్తుంది కాబట్టి మొదట్లో మీరో, వాళ్లమ్మో వెంట వెళ్లండి. ఆ సమాజం వాళ్లు మిగతా ఆడవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో ఒక్క ప్రయాణంలో తెలిసిపోతుంది.

ప్రతి నాటకం కరపత్రం, సర్టిఫికెట్టు, ఫోటో ఫైల్లో పెట్టమనండి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అని ఉంది, 1959లో పెట్టారు. అక్కడ మూడేళ్ల కోర్సుకి డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవానికి రుజువులు అడుగుతారు. చేరినవాళ్లకి నెలనెలా స్కాలర్‌షిప్ ఉంటుంది. హిందీ, ఇంగ్లీషు రావాలి. అంత దూరం వద్దనుకుంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్‌లో రెండేళ్ల పీజీ ఉంది. నేనైతే ఈ రెండోదానికి మొదటి ఓటు వేస్తాను. చదువు పేరుతో హాస్టల్లో ఉంటూ హైదరాబాదు అలవాటవుతుంది, ఆడిషన్లకి వెళ్లొచ్చు, పీజీ అయ్యాక నెట్ అనే అర్హత పరీక్ష రాస్తే అధ్యాపక ఉద్యోగాలకి దారి ఉంటుంది. కో-ఆర్డినేటర్ చేతిలో పోయాల్సిన లక్షన్నర ఇక్కడ పెట్టండి.

ఇప్పుడు మీ అమ్మాయికి నేరుగా కొన్ని మాటలు. ఆవిడకి ఇది చదివి వినిపించండి.

అమ్మా, నువ్వు కోరుకున్న పనిలో డైలాగు చెప్పడం సగమే. మిగతా సగం చేతులది. అమ్మ పాత్ర అంటే కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో, మనవడికి అన్నం కలుపుతూనో మాట్లాడే మనిషి. ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తావో, ఏ మాట దగ్గర కింద పెట్టావో దూరం నుంచి తీసే వైడ్ షాట్‌లో ఎలా చేశావో క్లోజప్‌లోనూ అలాగే చేయాలి. లేకపోతే ఎడిటింగ్‌లో అతకదు. అతకని షాట్ తీసేస్తారు, దాంతో నీ మంచి ఎక్స్‌ప్రెషన్ కూడా పోతుంది. ఇది ఇంట్లోనే సాధన చేయవచ్చు. ఫోన్ పెట్టుకుని, ఒకే డైలాగు వంకాయలు తరుగుతూ ఐదుసార్లు చెప్పు. ఐదింటిలోనూ కత్తి ఒకే మాట దగ్గర ఆగిందో లేదో చూసుకో.

నీకు గురువులు నరసాపురం చుట్టుపక్కలే ఉన్నారు. లేసు అల్లే ఆడవాళ్ల దగ్గర ఒక సాయంత్రం కూర్చో. కళ్లు దారం మీద ఉంటాయి, మాట మాత్రం పక్కింటి కోడలి మీద. ఎక్కడ చెయ్యి ఆగితే ఆ మాటే వాళ్లకి ముఖ్యమైనదని పట్టుకో. చేపల రేవులో బేరమాడే ఆవిడ, రేషన్ షాపు లైన్లో నిలబడ్డ ముసలమ్మ, పెళ్లిలో కోపాన్ని దాచుకుంటూ వడ్డించే వియ్యపురాలు, అందరినీ నోటు పుస్తకంలో రాసుకో. నీకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినప్పుడు నువ్వు వేసే అత్త ఆ పుస్తకంలోంచే లేచి రావాలి.

యాస గురించి కూడా. మన ‘ఆయ్’, మన ‘అండి’ సినిమావాళ్లకి ఇష్టం, నీకు మొదటి వేషం దానివల్లే రావచ్చు. కానీ అదొక్కటే వచ్చినవాళ్లని ఎప్పటికీ అలాంటి హాస్యం వేషాలకే పిలుస్తారు. యాస లేని తెలుగు, తెలంగాణ తెలుగు, ఉత్తరాంధ్ర మాట కూడా చెవికి పట్టించుకో. ఆకాశవాణిలో నాటక కళాకారులకి ఆడిషన్ పెట్టి గ్రేడు ఇస్తారు. రేడియో నాటకాలకి విజయవాడ కేంద్రం ఎప్పట్నుంచో పేరున్నది. ప్రకటన వచ్చినప్పుడు తప్పకుండా దరఖాస్తు రాయి. రాజమండ్రిలో పుట్టిన షావుకారు జానకిగారు చిన్నతనంలో రేడియో కళాకారిణే. మన సీరియళ్లలో హీరోయిన్లుగా కన్నడ అమ్మాయిలు చాలామంది ఉన్నారు, వాళ్లలో చాలామందికి గొంతు ఇచ్చేది తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టులు. ముఖానికి వయసు రాకముందే గొంతుకి పని దొరికే దారి ఇది.

మళ్లీ మీతో, అయ్యా. సీరియళ్ల విషయం క్లుప్తంగా. రోజుకి ఇంతని ఇస్తారు, నెలలో ఎన్ని రోజులు పిలుస్తారో కథని బట్టి. డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. చాలా సీరియళ్లలో చీరలు, నగలు ఆర్టిస్టులే కొనుక్కోవాలి. మొదటి అగ్రిమెంటు మీద సంతకం చేసేముందు ఆ సీరియల్ నడిచినంతకాలం వేరే ఛానల్లో వేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో లేకుండా హైదరాబాదు కాపురం పెట్టించవద్దు.

పెళ్లి మాట ఎత్తినందుకు వాళ్లమ్మగారి మీద నాకు కోపం లేదు. చుట్టాలు ఏమంటారోనన్న భయం మన ఊళ్లలో నిజమైనదే. కానీ ఈ ఆలోచన పోగొట్టడానికి పెళ్లి చేస్తే అది మీ అమ్మాయికీ, ఆ వచ్చే అబ్బాయికీ అన్యాయం. డిగ్రీ, ఆపైన పీజీ అయ్యేదాకా ఆగండి. తర్వాత సంబంధం చూసినప్పుడు అమ్మాయి నాటకాలు వేస్తుంది, ఇకముందూ వేస్తుంది అని మొదటి మాటలోనే చెప్పండి. దాచిపెట్టి కలిపిన సంబంధంలో ఆవిడ మానేయాల్సి వస్తుంది, మీతో మాట్లాడటం కూడా మానేస్తుందేమో ఆలోచించండి.

చివరికి ఆదివారం ఆడిషన్. పంపండి, మీరూ వెళ్లండి. కోనసీమలో, రాజమండ్రి చుట్టుపక్కల షూటింగులు చేసేవాళ్లు చిన్న వేషాలకి ఇక్కడివాళ్లని తీసుకోవడం మామూలే. ముందు సంస్థ పేరు, దర్శకుడి పేరు అడిగి, వాళ్ల పాత పనిని నెట్‌లో వెతికి చూడండి. ఆడిషన్ పగటిపూట, పదిమంది ఉండే ఆఫీసులోనో హాల్లోనో జరగాలి. హోటల్ గదికి ఒంటరిగా రమ్మంటే గుమ్మంలోంచే వెనక్కి వచ్చేయండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం ఆడవాళ్ల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. వేషం ఖాయమైతే మీ కంపెనీలో ఆ కమిటీలో ఎవరెవరున్నారని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి సంస్థ అయితే పేర్లు చెబుతుంది.

అమ్మాయి మేకప్ లేకుండా, ఒకే రంగు చుడీదార్లో వెళ్లాలి. ఒక నిమిషం బామ్మ, ఒక నిమిషం తన వయసు అమ్మాయి, రెండూ సిద్ధం చేసుకోవాలి. ముందు తన వయసుదే చూపించాలి, వాళ్లు ఇవ్వగలిగింది అదే కాబట్టి. టైమ్ ఇస్తే బామ్మని చేయమనండి. పాత్ర ఏమిటి, ఎన్ని రోజులు, రోజుకి ఎంత, దారి ఖర్చు ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు మీరు కాకుండా ఆవిడే అడగాలి. మీరు బయట బెంచీ మీద కూర్చోండి.