వేవర్లీ స్టీమర్‌ను రేవు దగ్గర తిప్పడం ఎందుకంత కష్టం?

రెండు పక్కలా నీటిని తోసే తెడ్ల చక్రాలున్నాయి కదా, ఒకదాన్ని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కు తిప్పితే ఉన్నచోటే తిరగదా అని అడిగారు. తిరగదు. స్కాట్లాండ్‌లోని క్లైడ్ తీరం కోసం 1946లో గ్లాస్గోలో నీళ్లలోకి దింపిన ఈ ఓడకు రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. మూడు సిలిండర్ల ఆవిరి ఇంజిన్ రెండింటినీ కలిపే తిప్పుతుంది. (ఇరుసును తిప్పే ఇంజిన్ క్రాంకులు తిరగడం ప్రయాణికులు పక్కనే నిలబడి చూడొచ్చు, తప్పక చూడండి.)

పైగా చక్రాలు ఓడ నడుమ ఉంటాయి, చుక్కానేమో ఓడ వెనక చివర ఉంటుంది. ప్రొపెల్లర్ ఓడలోలా నీటి తోపుడు నేరుగా చుక్కానికి తగలదు. వేగం తగ్గేకొద్దీ దాని పట్టు సడలుతుంది. అందుకే రేవుకు మోకు కట్టి, అది బిగిశాక ఇంజిన్‌తో నెమ్మదిగా తోస్తూ ఓడను తిప్పుతారు.

జనమంతా ఒకవైపు చేరితే ఇంకో చిక్కు: అటు చక్రం లోతుగా మునిగి, ఇటుది పైకి లేస్తుంది. ఓడ పక్కకు లాగుతుంది.