టీవీ తెర మీద ప్రకటనలు: ముందు ఆ యాడ్ బ్లాకర్ తీసేయండి

సందేహం: క్రికెట్ చూస్తుంటే ఓవర్ అవ్వగానే బొమ్మ చిన్నదైపోయి ఎడమ పక్కన, కింద ప్రకటన వస్తోంది. సీరియళ్లలో కింద పట్టీలు. ఒక వీడియోలో చూసి, ప్రకటనలు ఆపుతుందనే యాడ్ బ్లాకర్ ఏపీకేను (ప్లే స్టోర్‌లోంచి కాకుండా బయటి నుంచి తెచ్చుకునే యాప్ ఫైలు) పెన్‌డ్రైవ్‌తో ఆండ్రాయిడ్ టీవీలో వేశాను. తేడా ఏమీ లేదు. ఇంకేదైనా మంచి యాప్ ఉందా?

జవాబు: లేదు. ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. ఆ ప్రకటనను ఛానల్ వాళ్లే బొమ్మతో కలిపి ఒకే వీడియోగా పంపుతారు. పాలలో నీళ్లలా కలిసిపోయాక మీ టీవీలోని ఏ యాప్ విడదీస్తుంది? జూమ్ పెడితే ప్రకటనతో పాటు స్కోరూ తెగిపోతుంది.

టీవీ తనంతట తానే వేసే ప్రకటనలు వేరు. తేల్చుకోవాలంటే టీవీ వైఫై ఆపేసి, సెట్‌టాప్ బాక్సులో అదే ఛానల్ అరగంట చూడండి. అప్పుడూ వస్తే అది ఛానల్‌దో కేబుల్ వాళ్లదో. ఆగిపోతే టీవీదే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కిందో, యూజర్ అగ్రిమెంట్స్ కిందో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్’, ‘లైవ్ ప్లస్’ లాంటి పేర్లతో ఉండేదాన్ని ఆపండి. తెర మీది బొమ్మను గుర్తుపట్టి మీరేం చూస్తున్నారో కంపెనీకి చేరవేసే ఏర్పాటు అది. హెచ్‌డీఎంఐలో వచ్చే సెట్‌టాప్ బాక్సు బొమ్మనూ వదలదు. డబ్బు పెట్టి కొన్న టీవీలో దీన్ని ముందే ఆన్ చేసి, ఆపే మీటను నాలుగు మెనూల లోపల దాచడం దొంగబుద్ధే.

మధ్యమధ్య తెర మీద మెరిసి మాయమయ్యే అంకెలు మాత్రం ప్రకటన కాదు. పైరసీ ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి వేసే గుర్తు.

నా అసలు భయం మీరు వేసిన ఏపీకే గురించి. ఇలాంటి యాప్‌లు చాలావరకు ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. ఇచ్చారంటే అది తెర మీది అక్షరాలు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఇంకా ప్రమాదం, కొన్ని యాప్‌లు మీ ఇంటి ఇంటర్నెట్‌ను ఎవరికో దారిగా అప్పగించడం. వాళ్లు చేసే మోసం మీ కనెక్షన్ నుంచే జరిగినట్టు నమోదవుతుంది. ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఇలాంటి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ముందే ఉంటోందని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ మాల్‌వేర్ వల పేరు ‘బ్యాడ్‌బాక్స్ 2.0’.

ఇప్పుడే యాక్సెసిబిలిటీలో ఆ యాప్ అనుమతి ఆపి, తర్వాత యాప్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అనుమతి ఆపకుండా తీయబోతే కొన్ని మొండికేస్తాయి. బయటి యాప్‌లను వేయనిచ్చే ‘అన్‌నోన్ సోర్సెస్’లో ఫైల్ మేనేజర్‌కు ఇచ్చిన అనుమతి తీసేయండి. డెవలపర్ ఆప్షన్స్‌లో డీబగ్గింగ్ (వేరే కంప్యూటర్ నుంచి టీవీని నడపనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఆపండి. గూగుల్ పాస్‌వర్డ్ ఫోన్‌లోంచి మార్చండి, టీవీలోంచి వద్దు. అనుమానం తీరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేసేయండి.

ఇక ఛానళ్ల సంగతి. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో 7(10) ప్రకటన కార్యక్రమానికి అడ్డు రాకూడదంటుంది. తెర కింది భాగంలో కదిలే, కదలని అక్షరాలు వేయడాన్నే ఉదాహరణగా చూపిస్తుంది. 7(11) గంటకు 12 నిమిషాల హద్దు పెట్టింది: 10 వాణిజ్య ప్రకటనలకు, 2 ఛానల్ సొంత ప్రచారానికి. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, కథలో ఏడుస్తున్న తల్లి గడ్డం దాకా చీరల దుకాణం పట్టీ వచ్చేస్తోంది. ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి చేస్తున్నదే. బ్రేక్‌లో ప్రకటన వస్తే మనం లేచి వంటింట్లోకి వెళ్తాం, బొమ్మ పక్కన వస్తే తప్పించుకోలేం.

యాప్ కోసం వెతికే ఆ గంటలో ఛానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఛానల్ పేరు, తేదీ, సమయం, ప్రకటన ఎన్ని సెకన్లు ఉంది, ఏం కనబడకుండా చేసింది, ఏ నిబంధనకు విరుద్ధం అన్నవి రాసి, ఫోన్‌తో తీసిన తెర ఫొటో జత చేయండి.